పాటకు తేమ శాతము

ఆదోని మార్కెట్ యార్డులో నిన్న పత్తికి, వేరుశనగకు, ఆముదములకు క్వింటాలొక్కింటికి పలికిన కనిష్ఠ గరిష్ఠ ధరలను పత్రికలో వెదకి చదువుట మా పడమటి కర్నూలు రైతునకు నిత్యపారాయణమైనట్లే, ఈ వారము ఏ పాట జనాదరణ పట్టికలో నూతనముగా ప్రవేశించినదో, ఏది ఎన్ని మెట్లు పైకెక్కినదో, ఏది జారి అదృశ్యమైనదో తెలిసికొనుట ఆ రైతు కుమారునకు వారపారాయణమై యున్నది. పత్తి దిగినదని తండ్రి తల పట్టుకొని అరుగుమీద కూర్చుండగా, తన కథానాయకుని పాట పదునాల్గవ స్థానమునుండి మూడవ స్థానమున కెగబ్రాకినదని కుమారుడు నడివీథిలో టపాకాయలు కాల్చుచుండును. ఒకే గడపలో ఏకకాలమున పతనమును, ఉత్థానమును కల్పించి సమతౌల్యమును కాపాడుచున్న ఈ వ్యవస్థను కొనియాడుట ఆదిశేషునకైనను తరము గాదు.

ఈ పట్టిక అపౌరుషేయము గాదు. 1952 నవంబరు 14వ తేదీన లండను నగరమున ‘న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్’ పత్రికవారు సుమారు 20 రికార్డుల అంగళ్లకు టెలిఫోను చేసి, ఏవేవి అమ్ముడుపోయినవో అడిగి, ఆ సమాధానములను కూడి ప్రకటించినదే బ్రిటనులో తొలి పట్టిక. ఆ మరుసటి నెలలోనే, పండ్లు తోముకొను పేస్టు పేర ‘బినాకా గీత్‌మాలా’ రేడియో సిలోన్‌లో మొదలై, అమీన్ సయానీ గారి కంఠమున బుధవారపు రాత్రులను ఏలినది. చలనచిత్ర గీతములు జాతి చెవులకు హితము గావని తలంచిన కేంద్రమంత్రి కేస్కర్ గారు ఆ సంవత్సరమే వానికి ఆకాశవాణి వాకిలి మూయగా, ఆ పాటలు సముద్రము దాటి సింహళమున తలదాచుకొని, అచ్చటనుండి మరింత స్పష్టముగా మన యిండ్లలోనికే వచ్చినవి. 1957 అక్టోబరు 3వ తేదీన వివిధ భారతి పుట్టువరకు ప్రభుత్వమునకు తత్త్వము బోధపడలేదు. ఏమైనను ఆనాటి లెక్కలో అంగడివాడను మనుష్యుడొకడు, శ్రోతల సంఘమను మనుష్యసమూహ మొకటియు నుండెను. తనకు నచ్చిన పాటకై ఎవడో యొకడు సొంత డబ్బుతో కార్డు కొని, చేవ్రాలు చేసి, తపాలా పెట్టెదాక నడచెడివాడు.

నేడా శ్రమ లేదు. పాట ముప్పది సెకండ్లు మ్రోగినచో స్పాటిఫైవారు దానినొక శ్రవణముగా గణింతురు. ముప్పదియొకటవ సెకండున శ్రోత నిద్రించినను, స్నానమునకు పోయినను, విసిగి ఫోనును పరుపుమీదికి విసరినను లెక్క చెడదు. పూర్వము పల్లవి, అనుపల్లవి, చరణములని పాట నడచెడిది. ఇప్పుడు మొదటి అర నిమిషమును, తరువాతి సశేషమును అని రెండే భాగములు.

పత్తికి జరుగు మర్యాద పాటకు జరుగుట లేదని నా మనస్తాపము. భారత పత్తి సంస్థవారి కొనుగోలు కేంద్రమునకు పోయిన రైతు కుప్పలో యంత్రపు మొనను గ్రుచ్చి, తేమ నూటికి 8 పాళ్లున్నచో పూర్తి ధర యనియు, అది దాటినకొలది కోత యనియు, 12 పాళ్లు మించినచో వచ్చిన దారినే పొమ్మనియు తేల్చి చెప్పుదురు. ఆరు నెలలు చెమటోడ్చినవాని సరకునకింత కఠినపరీక్ష యుండగా, ఒక్క రాత్రిలో కోట్ల వీక్షణములతో ఉబ్బి వచ్చిన పాటను మాత్రము తేమ యెంతయని అడుగు నాథుడు చిరకాలము లేడయ్యెను. 2019 జూలైలో బాద్‌షా అను గాయకుని ‘పాగల్’ అను పాట 24 గంటలలో ఏడున్నర కోట్ల వీక్షణములను గడించినదని చాటింపబడగా, ప్రకటనలకు సొమ్ము చెల్లించి పోగుచేసినవియు అందు చేరియున్నవని తేలి రచ్చయైనది. సెప్టెంబరు నెలలో యూట్యూబువారు ప్రకటనలద్వారా కొన్న వీక్షణములు ఇకమీద తమ పట్టికల లెక్కకు రావని తీర్మానించిరి. అమెరికాలోనైతే రేడియోవారు లంచము పుచ్చుకొని రికార్డులు మ్రోగించుచున్నారని 1960లోనే ప్రతినిధి సభ ఉపసంఘము విచారణ జరిపియుండెను. కావున నీళ్లు చల్లి తూకము పెంచు విద్య మా పత్తి దళారులే కనిపెట్టినారను అపవాదును చరిత్ర కొట్టివేయుచున్నది.

ఇక ‘నూతన ప్రవేశము’ల మహిమ వేరు. తరతరములుగా పల్లె స్త్రీల నోళ్లలో నానిన జానపదము ‘సారంగ దరియా’ 2021లో సుద్దాల అశోక్‌తేజ గారి కలముతో ‘లవ్ స్టోరీ’ చిత్రమున ప్రవేశించి, పట్టికవారి దృష్టికి ఆనాడే పుట్టిన శిశువైనది. అదే సంవత్సరము వసంతకాలమున మోహన భోగరాజు గారు పాడిన ‘బుల్లెట్టు బండి’, మంచిర్యాలలో నొక నవవధువు తన బరాతులో దానికి నర్తించిన పిమ్మటగాని, అనగా శ్రావణమాసపు పెండ్లిండ్లలోగాని, నింగికి లేవలేదు. మన పాటలు కంపెనీవారి యంత్రములవలన కంటె పెండ్లికూతుళ్ల పాదములవలన త్వరగా పైకెక్కునని దీనివలన స్పష్టమగుచున్నది.

అయినను ఆదోని, ఎమ్మిగనూరుల చెవులకు పట్టికలో స్థానమెక్కడ? ఆదోని స్టేషనునుండి ఊరిలోనికి పోవు ఆటోలో డ్రైవరు ఒక్కసారి మీట నొక్కగా, లోపలివారును, వ్రేలాడువారును, ఎదురుగా పోవువారును వినుదురు. లెక్కకు వచ్చునది ఒక్క శ్రవణము. మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘమును స్థాపించిన ఎమ్మిగనూరులో, మగ్గముల నడుమ నొక ఫోను పాడుచుండ నాలుగు గుంతలలోని నేతగాండ్రు విందురు, అదియు నొకటే. వానలు మోసగించిన యేట కోసిగి, కౌతాళముల కుటుంబములు మిరపకోతలకై గుంటూరు సీమకు సుగ్గి, అనగా వలస, పోవుచుండగా, ఆ లారీలో రాత్రియంతయు మెమొరీ కార్డునుండి మ్రోగిన పాటల లెక్క అక్షరాల సున్న. హైదరాబాదు గదిలో నొక విద్యార్థి చెవిలో గొట్టములు దోపుకొని ఒకే పాటను ముప్పదిసార్లు విన్నచో ముప్పది!

భాషావిభజన మరియొక తమాషా. 1953 అక్టోబరు 1వ తేదీన బళ్లారి జిల్లానుండి ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలను విడదీసి ఆంధ్రరాష్ట్రమున కలిపిన ప్రభుత్వము, పాటలను విడదీయుట మరచినది. ఉదయము కన్నడ భజనయు, మధ్యాహ్నము తెలుగు సినిమా పాటయు, రాత్రి ఉర్దూ కవ్వాలియు వినునట్టి ఆదోని పౌరుని, భాషకొక పట్టిక వేయువారు మూడు ముక్కలుగా నరికి మూడుచోట్లను అల్పసంఖ్యాకుని గావించుచున్నారు.

పట్టికవారికి నాదొక విన్నపము. క్రొత్తగా వచ్చినవానికొక గడియు, పైకెక్కినవానికొక గడియు గీసినట్లే, వలదన్నను వినవలసివచ్చినవారి కొరకు మరియొక గడిని గీసి, అందలి సంఖ్యను మొత్తమునుండి తీసివేయుడు. పుష్యమాసమున ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలోను, భాద్రపదమున వినాయక నిమజ్జనములోను డీజే బండ్లు సాగిన వీథులలో కిటికీలు మూసికొన్న ఇండ్లను లెక్కించినచో, ఎన్నో ప్రథమస్థానములు తలక్రిందులగును. నివాసప్రాంతమున పగలు 55, రాత్రి 45 డెసిబెల్సు మించరాదనియు, రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు ధ్వనివర్ధకము పనికిరాదనియు, పండుగలకైనను ఏడాదికి 15 దినములు మించకుండ అర్ధరాత్రి వరకే సడలింపనియు 2000 సంవత్సరపు నియమములు ఘోషించుచున్నవి. ఆ ఘోష డీజే ఘోషలో వినబడుట లేదు.

పాఠకులారా! మీకు పాట నచ్చినచో తప్పక వినుడు, పాడుకొనుడు, కాని అది మూడవ స్థానమున నున్నదని మాత్రము వినకుడు. అది నచ్చని పొరుగువాడు పరీక్షకు చదువుచున్నచో, అతనిని మీ పట్టికలో చేర్చుకొనకుడు.