తెరవకుండా చూడాలనే దురాశ

కంప్యూటర్ వాడేవాళ్ళకు ఒక దురాశ ఉంది. ఫైలు లోపల ఏముందో ఫైలు తెరవకుండానే తెలియాలంటారు. ఫోల్డర్ విండోలో కుడిపక్క కాస్త జాగా వదిలి, ఏ ఫైలు మీద నొక్కితే దాని లోపలిది అక్కడ కనపడితే చాలంటారు. ఈపాటి కోరికకు ఫైల్ మేనేజర్లు రాసే పెద్దల్లో కొందరి దగ్గర ఏళ్ళ తరబడి ఒకటే జవాబు: అది మీకు అక్కర్లేదు. కావాలని మీకు అనిపిస్తోంది గానీ, నిజానికి అక్కర్లేదు.

ఆ జవాబు చెప్పేవాళ్ళను పెళ్ళిళ్ళ సీజన్లో ఏదైనా డీటీపీ సెంటర్లో ఒక పూట కూర్చోబెట్టాలి. ఫోల్డర్లో ‘శుభలేఖ ఫైనల్’, ‘శుభలేఖ ఫైనల్ 2’, ‘శుభలేఖ ఫైనల్ ఓకే’, ‘శుభలేఖ ఫైనల్ ఓకే కరెక్షన్’ వరసగా ఉంటాయి. వాటిలో ముహూర్తం సరిగ్గా పడింది ఒక్కటే. మేనమామ పేరు ఎగిరిపోయింది కూడా ఒకటుంది. పార్టీ ఎదురుగా కుర్చీలో కూర్చుని ఫోన్లో ‘ప్రింటింగ్‌కి వెళ్ళిపోయింది బావా’ అంటూ ఉంటాడు. ఆపరేటర్ ఒక ఫైలు తెరుస్తాడు, కాదనుకుని మూస్తాడు, ఇంకోటి తెరుస్తాడు. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోల సంగతి సరేసరి. పేరు నిండా తేదీ, అంకెలు. అందులో ఏది పెళ్ళికొడుకో, ఏది ఆధార్ కార్డో పేరు చూసి చెప్పగల మొనగాడు ఇంకా పుట్టలేదు. సెంటర్లో వాడేది పేజ్‌మేకర్ అయితే ఇక చెప్పక్కర్లేదు. 2001లో వచ్చిన 7.0తో ఆ సాఫ్ట్‌వేర్ కథ ముగిసింది, దాని ఫైలు లోపల ఏముందో విండోస్ ప్రివ్యూ పేన్ కూడా చూపించదు. అందుకే తెలివైనవాడు ప్రతి పనికీ ఒక పీడీఎఫ్ తీసి అదే ఫోల్డర్లో పడేస్తాడు, ఆ పేన్‌లో చూసుకోవడం కోసమే.

ఇలాంటి మనిషితో ‘నీకు ప్రివ్యూ అక్కర్లేదు, డబుల్ క్లిక్ ఉందిగా’ అనడం ఎలా ఉంటుందంటే, సంతలో బెండకాయ కొస విరిచి చూసేవాణ్ణి పట్టుకుని, ‘అదేం అలవాటయ్యా, బుట్టెడు కొనుక్కెళ్ళి వండుకో, లేతో ముదురో అప్పుడు తెలుస్తుంది’ అన్నట్టుంటుంది.

పోనీ, ఇదేమన్నా నిన్న మొన్న పుట్టిన గొంతెమ్మ కోరికా? 640 కేబీ మెమరీతో డాస్ రాజ్యమేలుతున్న 1986లోనే నార్టన్ కమాండర్ వచ్చింది. నీలం తెర మీద రెండు పేన్లు, ఎఫ్3 నొక్కితే ఫైలు లోపలిది కళ్ళముందుకొచ్చేది. తర్వాతి వెర్షన్లలో కంట్రోల్-క్యూ నొక్కితే అవతలి పేనే ప్రివ్యూ అయి కూర్చునేది. విండోస్ 95లో క్విక్ వ్యూ ఉండేది. 2007లో అటు విస్టా ప్రివ్యూ పేన్‌తో దిగింది, ఇటు ఆపిల్ తన లెపర్డ్‌లో స్పేస్‌బార్ నొక్కితే చాలనే క్విక్ లుక్ తెచ్చింది. లినక్స్‌లో కేడీఈ వాళ్ళ డాల్ఫిన్‌లో ఎఫ్11 నొక్కితే సమాచారంతో సహా ప్రివ్యూ పక్కకొచ్చి నిలబడుతుంది. అంటే నలభై ఏళ్ళు కావస్తున్నా ఆరిపోని అవసరమిది.

అయితే లినక్స్‌లోనే ఇంకో డెస్క్‌టాప్ గ్నోమ్ కథ వేరు, ఇక్కడ కాస్త ఆగాల్సిందే. దాని ఫైల్ మేనేజర్ నాటిలస్‌ను కట్టింది ఈజెల్ అనే కంపెనీ. తొలి మెకింటాష్ బృందంలో పనిచేసిన ఆండీ హెర్ట్స్‌ఫెల్డ్ లాంటివాళ్ళు అందులో ఉన్నారు. 2001 మార్చిలో 1.0 వచ్చేటప్పటికే టెక్స్ట్ ఫైలు తొలి పంక్తులు ఐకాన్ మీదే కనపడేవి, పాట ఫైలు మీద మౌస్ ఆనిస్తే పాట వినపడేది. రెండు నెలలకే, మే నెలలో, కంపెనీ మూతపడింది. నాటిలస్ మాత్రం గ్నోమ్ ఇంట్లో పెరిగింది. పెరిగింది అనకూడదేమో, చిక్కిపోయింది అనాలి. 2012లో 3.6 వచ్చేసరికి ఎఫ్3తో తెరుచుకునే రెండో పేన్ పోయింది, కాంపాక్ట్ వ్యూ పోయింది. వాడేవాళ్ళు లబోదిబోమన్నారు. లినక్స్ మింట్ వాళ్ళు అరవలేదు, పాత కోడ్ ఎత్తుకెళ్ళి నెమో అని పేరు పెట్టుకుని సొంత కాపురం పెట్టారు.

ఇన్ని తీసేయడానికి చెప్పిన కారణం సరళత. సరళతంటే ఏమిటో ఫైల్ చూజర్‌ను చూస్తే తెలుస్తుంది. బ్రౌజర్లో ఫొటో అప్‌లోడ్ చేయబోతే ‘ఏ ఫైలు?’ అని అడిగే పెట్టె అది. ఆ పెట్టెలో ఫొటోలు బొమ్మలుగా కనపడాలని గ్నోమ్‌కు ఇలాంటి పెట్టెలు సమకూర్చే జీటీకే లైబ్రరీ వాళ్ళకు 2004లో అర్జీ వెళ్ళింది. ఎంచుకున్న ఒక్క ఫైలుకు పక్కన చిన్న బొమ్మ చూపించే వెసులుబాటు ఉండేది గానీ, అదీ ఆ అప్లికేషన్ రాసినవాడు పూనుకుంటేనే. అర్జీకి మోక్షం వచ్చింది 2023 మార్చిలో, గ్నోమ్ 44తో. అర్జీ పెట్టిన ఏడాది పుట్టిన పిల్ల ఈలోగా ఎంసెట్ రాసేసి ఇంజనీరింగ్‌లో చేరిపోయే వయసుకు వచ్చేసింది. అన్నేళ్ళూ ఫొటోల ఫోల్డర్లో వందల అంకెల పేర్లను గుడ్డిగా చూస్తూ ఏరుకోవడమే సరళత.

‘సుషీ ఉందిగా’ అంటారు గ్నోమ్ భక్తులు. ఉంది. 2011 నుంచీ ఉంది. విడిగా ఇన్‌స్టాల్ చేసుకుంటే, స్పేస్‌బార్ నొక్కితే, ప్రివ్యూ విండో వచ్చి జాబితా మీదే బైఠాయిస్తుంది. ఒక్క ఫైలు చూడాలంటే భేషుగ్గా ఉంటుంది. నలభై స్కాన్‌లలోంచి ఒకటి ఏరాలంటే, జాబితా ఒక పక్క, లోపలిది ఇంకో పక్క కదలకుండా ఉండాలి. గ్నోమ్ వాళ్ళు ఈ తేడా తెలియనివాళ్ళు కారు. వ్యూ మెనూలో ఒక్క పంక్తి చేర్చి, మొదట్లో టిక్ తీసేసి ఉంచితే సరళతకు వచ్చే గాయమేమిటో మాత్రం ఇంతవరకు ఎవరూ చూపించలేదు. పెద్ద సైన్యమేమీ లేని మరో డెస్క్‌టాప్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వాళ్ళు 2022 డిసెంబర్లో 4.18 విడుదల చేస్తూ తమ ఫైల్ మేనేజర్ థూనార్‌లో బొమ్మల ప్రివ్యూ, రెండు పేన్లు కూడా చేర్చారు. ఆ రెండో పేన్ తెరిచేది ఎఫ్3తోనే. సైడ్‌బార్ కూలిపోయి ఎవరి మీదా పడలేదు.

‘చేసేవాళ్ళు లేరు’ అంటే నోరు మూసుకోవచ్చు. అది నిజాయితీ ఉన్న మాట. ఒక్కో ఫార్మాట్‌కు ఒక్కో డీకోడర్ కావాలి, పాడైన వీడియో మీద క్లిక్ చేస్తే మొత్తం విండో బిగుసుకుపోకూడదు, నెట్‌వర్క్ డ్రైవ్‌లో ఉన్న రెండు జీబీ ఫైలును ప్రివ్యూ కోసం లాగి కూర్చోకూడదు. జీతం లేకుండా పనిచేసేవాణ్ణి ఇదంతా ఎందుకు చేయలేదని నిలదీయడం తగదు. పేచీ అంతా ‘చేయలేం’ అనాల్సిన చోట ‘మీకు వద్దు’ అనడంతోనే.

ప్రివ్యూతో ముప్పన్న భయం కూడా ఉత్తుత్తిది కాదు. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్‌కు ఫైలు తెరవాల్సిన పని లేకపోయింది, ఫోల్డర్లో షార్ట్‌కట్ ఐకాన్ కనపడితే చాలు. 2017లో గ్నోమ్‌లో విండోస్ ఫైళ్ళకు బొమ్మ గీసే చిన్న ప్రోగ్రామ్ ఒకటి, ఫైలు పేరులో ఇరికించిన స్క్రిప్ట్‌ను అమాయకంగా నడిపేసింది. ఆ ఏడే గ్నోమ్ వాళ్ళు థంబ్‌నెయిల్ గీసే పనిని శాండ్‌బాక్స్‌లో బంధించారు. 2020 మార్చిలో ఫాంట్ల లొసుగు బయటపడ్డప్పుడు, ప్యాచ్ వచ్చేదాకా ప్రివ్యూ పేన్ ఆపేసుకోండని మైక్రోసాఫ్టే చెప్పింది. 2022లో ఫోలినా దాడికి ఆర్‌టీఎఫ్ ఫైలు ప్రివ్యూలో కనపడితే సరిపోయింది. చూడటమూ తెరవడమేనని ఇంజనీర్లు అంటే అందులో అబద్ధం లేదు. పేన్‌కు సైజు మార్చుకునే గీత గీయడం కన్నా, దాని చుట్టూ కంచె కట్టడమే పెద్ద పని.

ఆ పని తప్పించుకోవడంలో అందరికన్నా ముచ్చటైన దారి మైక్రోసాఫ్ట్‌దే. ఒక పక్క 2023లో పవర్‌టాయ్స్‌లో పీక్ అని ఇంకో ప్రివ్యూ పనిముట్టు విడిగా ఇచ్చింది. ఇంకోపక్క 2025 అక్టోబర్ 14 అప్‌డేట్‌తో, ఇంటర్నెట్ నుంచి దించుకున్న ముద్ర ఉన్న ఫైళ్ళకు ఎక్స్‌ప్లోరర్‌లో ప్రివ్యూ ఆపేసింది. కారణం సబబే. ఫైలులో బయటి సర్వర్ వైపు దారి చూపే ట్యాగు ఉంటే, ప్రివ్యూ చేస్తుండగానే పాస్‌వర్డ్ తాలూకు హ్యాష్ అవతలివాడికి చేరే ప్రమాదం ఉంది. ఇంతకీ ఖాళీ పేన్‌లో కనపడే సందేశం ఏమంటుందంటే: ఈ ఫైలు మీ కంప్యూటర్‌కు హాని చేయొచ్చు, ఫైలు మీదా పంపినవాళ్ళ మీదా నమ్మకముంటే తెరిచి చూసుకోండి. తొంగి చూస్తే ప్రమాదం కాబట్టి తలుపు బార్లా తీయమన్నమాట. వర్డ్‌లో ప్రొటెక్టెడ్ వ్యూ కాపలా ఉందనుకోండి, ఆ సంగతి పేన్ చెప్పదు.

మెయిల్లో వచ్చిన పీడీఎఫ్ పేన్‌లో చూడాలని ఇంకా పట్టుబట్టేవాళ్ళకు దారి ఉంది. ఫైలు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, అడుగున అన్‌బ్లాక్ దగ్గర టిక్, ఓకే. నలభై ఫైళ్ళుంటే నలభై సార్లు. అప్పటికీ కనపడకపోతే కంగారు పడక్కర్లేదు, మళ్ళీ లాగిన్ అయ్యేదాకా ఈ మార్పు అమల్లోకి రాకపోవచ్చని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పి ఉంచింది.