పదిహేను సెకన్లు, పన్నెండేళ్లు

అమెరికాలో బేస్‌బాల్ నడిపే పెద్దలు 2020లో ఒక పని చేశారు. మేజర్ లీగ్‌లో ఏళ్లతరబడి ఉన్న ‘ప్రొటెస్ట్’ హక్కును రూలు పుస్తకంలోంచి పీకేశారు. అంతకుముందు అంపైర్ రూలు తప్పాడనిపిస్తే, జట్టు మేనేజరు అక్కడికక్కడే ‘మేం ప్రొటెస్ట్ పెట్టి ఆడుతున్నాం’ అని చెప్పి రాయించుకునేవాడు. ఆట సాగేది. ఆనక లీగ్ ఆఫీసు తీరుబడిగా విచారణ జరిపి తీర్పు ఇచ్చేది. ఇప్పుడదంతా బంద్. న్యూయార్క్‌లో తెరల ముందు కూర్చున్నవాళ్లు రీప్లే చూసి ఏం చెబితే అదే ఆఖరు.

ఈ కబురు నయాపూల్‌లో, హైకోర్టుకు కూతవేటు దూరంలో ఉన్న ఒక చాయ్ దుకాణంలో చెప్పాను. అక్కడున్న వకీల్ సాబ్ నోటిదాకా తెచ్చిన కప్పు దించేశారు.

“అప్పీలు లేదా?”

“లేదు సార్.”

“రివిజన్?”

“లేదు.”

“రిట్ అన్నా ఉంటది గదా?”

“అదీ లేదు.”

“మరి అక్కడి వకీళ్లు ఏం తిని బతుకుతరయ్యా?”

ఆయన బాధలో న్యాయం ఉంది. ఎందుకంటే ఆ ప్రొటెస్ట్ రూలు రాసినవాడెవడో గానీ, కొన్నాళ్లు నయాపూల్‌లో నల్లకోటు వేసుకుని తిరిగినట్టే రాశాడు. బంతి స్ట్రైకా కాదా, పరుగెత్తినవాడు సేఫా అవుటా, ఇలా కంటితో తేల్చే సంగతుల మీద ప్రొటెస్ట్ నడిచేది కాదు. రూలును తప్పుగా అన్వయించారంటేనే ఫైలు కదిలేది. తప్పు జరిగిందని తేలినా చాలేది కాదు. దానివల్ల ఫిర్యాదు చేసిన జట్టు గెలుపు అవకాశం దెబ్బతిన్నదని కూడా తేలాల్సి ఉండేది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 100వ సెక్షన్ కింద రెండో అప్పీలు వేసినవాళ్లకు ఈ గడపలన్నీ పరిచయమే.

అందులో మహా ప్రసిద్ధమైన కేసు ఒకటుంది. 1983 జులై 24న న్యూయార్క్ యాంకీస్, కాన్సాస్ సిటీ రాయల్స్ ఆడుతున్నాయి. ఆఖరి ఇన్నింగ్స్, రాయల్స్ 4-3తో వెనకబడి ఉంది, ఇద్దరు అవుటయ్యారు. జార్జ్ బ్రెట్ బంతిని జనంలోకి కొట్టాడు, రెండు పరుగులొచ్చాయి. అప్పుడు యాంకీస్ మేనేజర్ బిల్లీ మార్టిన్ నింపాదిగా నడిచొచ్చి, ఆ బ్యాటు పిడికి పూసిన జిగురు కొలవమన్నాడు. పట్టు జారకుండా పూసుకునే ఆ పైన్ జిగురు 18 అంగుళాలు దాటకూడదు. దాటింది. బ్రెట్ అవుట్, పరుగులు రద్దు, ఆట ఖతం అన్నారు అంపైర్లు. బ్రెట్ కళ్లెర్రజేసి మైదానంలోకి దూసుకొచ్చిన తీరు చూస్తే, మన దగ్గర రోడ్డు విస్తరణలో దుకాణం పోయినవాడు గుర్తొస్తాడు.

రాయల్స్ ప్రొటెస్ట్ పెట్టింది. అమెరికన్ లీగ్ అధ్యక్షుడు లీ మాక్‌ఫెయిల్ విని, జిగురు ఎక్కువైతే బ్యాటును ఆటలోంచి తీసెయ్యాలి గానీ పరుగుల్ని కాదన్నాడు. ఆగిన చోటి నుంచి ఆట మళ్లీ మొదలుపెట్టమన్నాడు. తేదీ ఆగస్టు 18. ఈలోగా వ్యవహారం కోర్టుకెక్కింది. కింది కోర్టు ఆపమంది, పై కోర్టు ఆడుకోమంది. తీరా ఆట మొదలవగానే మార్టిన్ కొత్త మెలిక పెట్టాడు. బ్రెట్ ఆ రోజు బేసులన్నీ తొక్కాడో లేదో ఇవాళ్టి అంపైర్లకు ఎలా తెలుసు, వాళ్లు అప్పుడు లేరు గదా అన్నాడు. అంపైర్ల దగ్గర కాగితం సిద్ధంగా ఉంది. ‘తొక్కాడు, మేం చూశాం’ అని ఆనాటి అంపైర్లు సంతకాలు పెట్టిన అఫిడవిట్. నోటరీ చేయించినది! మిగిలిన ఆటకు పావుగంట కూడా పట్టలేదు. రాయల్స్ 5-4తో గెలిచింది.

నోటరీ మాట వినగానే పక్క బెంచీ మీది టైపిస్టు తలెత్తి, “స్టాంపు పేపరు ఎంతది పెట్టిన్రు?” అని అడిగాడు. బేస్‌బాల్ అర్థం కావడానికి ఇంతకంటే మంచి తోవ నాకైతే కనబడలేదు.

ఇక వాన కేసు. 2014 ఆగస్టు 19న చికాగోలో కబ్స్ 2-0తో ముందుండగా వాన కొట్టింది. మైదానం సిబ్బంది పట్టా సరిగ్గా పరచలేక తంటాలు పడ్డారు. నేల చిత్తడైపోయింది, అంపైర్లు ఆట అయిపోయినట్టే, కబ్స్ గెలిచినట్టే అన్నారు. శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ ప్రొటెస్ట్ పెట్టింది. ఇంటివాళ్ల చేతగానితనం ఇంటివాళ్లకే లాభం కాకూడదని లీగ్ ఒప్పుకుంది. 1986 తర్వాత నెగ్గిన ప్రొటెస్ట్ అదొక్కటే. రెండు రోజులకు మిగతా ఆట ఆడారు. కబ్స్ 2-1తో గెలిచింది. జెయింట్స్‌కు దక్కింది ఒక పరుగు, ఒక తీర్పు కాపీ.

ఇది చెప్పాక నాకు ఫతేమైదాన్ గుర్తొచ్చింది. 1969 అక్టోబరు, లాల్‌బహదూర్ స్టేడియం, న్యూజిలాండ్‌తో మూడో టెస్టు. సిరీస్ 1-1. పిచ్ మీద గడ్డి కోయించాల్సిన వేళ అంపైర్లు ఆ సంగతే మరిచిపోయారు. తర్వాత గుర్తొచ్చి కోయిద్దామంటే న్యూజిలాండ్ కెప్టెన్ గ్రాహమ్ డౌలింగ్ రూలు పట్టుకుని అడ్డం తిరిగాడు. ఆ గడ్డి మీద మనవాళ్లు 89కి చాప చుట్టేశారు. ఆఖరి రోజు గెలవడానికి 268 కావాలి. 76 పరుగులకు 7 వికెట్లు పోయాయి. అప్పుడు వరుణదేవుడు దయతలిచాడు. ఆపై వాన వెలిసింది, ఎండ కూడా వచ్చింది. నీళ్లు తోడే పని మాత్రం పెళ్లివారింట పిలవని చుట్టంలా ఎవరికీ పట్టలేదు. డౌలింగే బూట్లు విప్పి తుడవడానికి దిగాడు. గోరా సాబ్ కాళ్లు తడిశాయి గానీ మైదానం ఆరలేదు. టెస్టు డ్రా. భారత్‌లో న్యూజిలాండ్ తొలి టెస్టు సిరీస్ గెలుపు 2024లో, 3-0తో గానీ రాలేదు.

చికాగో రూలు ఆనాడు హైదరాబాద్‌లో ఉంటే ఏమయ్యేదని దుకాణంలో అడిగాను. చాయ్ పోసే భాయ్ స్టవ్ మంట తగ్గించి, “వాన పడితే మనమేం జేస్తం సాబ్, పైవాడి మర్జీ” అన్నాడు. వకీల్ సాబ్ కూడా తలూపారు. ఎప్పుడో 1969 సంగతి, లిమిటేషన్ దాటిపోయిందన్నారు.

అదే భాయ్‌ని హార్దిక్ పాండ్యా సంగతి అడగండి. స్టవ్ ఆర్పేసి మరీ చెబుతాడు.

2023 జనవరి 18, ఉప్పల్. మళ్లీ న్యూజిలాండే. శుభ్‌మన్ గిల్ 208 కొట్టిన వన్డే. హార్దిక్ 28 మీదుండగా డారిల్ మిచెల్ వేసిన బంతి వెనక్కి వెళ్లింది, బెయిల్స్ వెలిగాయి. బంతి తాకిందా, కీపర్ టామ్ లేథమ్ గ్లవ్స్ తాకాయా? తెర మీద తిప్పి తిప్పి చూపించారు. బంతి వికెట్ల పైనుంచి పోయినట్టు ఇళ్లలో కూర్చున్నవాళ్లందరికీ కనిపించింది. థర్డ్ అంపైర్‌కు కనిపించలేదు. బౌల్డ్ అన్నాడు. కెమెరా లోపం లేదు, లైటు లోపం లేదు, ఉన్నదంతా చూసి ఒక మనిషి అలా అనుకున్నాడు. అంపైర్ కన్ను నమ్మలేకే కదా కెమెరా తెచ్చింది? ఆ కెమెరా ముందు కూర్చోబెట్టింది ఇంకో అంపైర్‌ని. గొడవ మైదానంలోంచి మేడమీది గదికి మారింది. ఆ గది మీద అప్పీలుకు ఇంకో గది లేదు.

తర్వాత న్యూజిలాండ్ బ్యాటింగ్. లేథమ్ క్రీజులో బాగా లోపల నిలబడి ఉన్నాడు. ఇషాన్ కిషన్ తన గ్లవ్స్‌తో బెయిల్స్ ఎగరగొట్టి, బంతి కొట్టినట్టే అమాయకంగా అప్పీలు చేశాడు. అంపైర్లు పాపం నిజమనుకుని పైకి పంపారు. నాటౌట్ వచ్చింది. భారత్ 349, న్యూజిలాండ్ 337. పన్నెండు పరుగుల గెలుపు, మన సిరాజ్‌కు నాలుగు వికెట్లు. ఇషాన్ చేసింది చిలిపి పని అని నయాపూల్ మురిసిపోయింది. లేథమ్ చేసింది మోసం అని ఇప్పటికీ అంటుంది. గ్లవ్స్ రెండుచోట్లా గ్లవ్సే.

మనకు ఈ రివ్యూ యంత్రం మీద ప్రేమ మొదట్నుంచీ లేదు. 2008లో కొలంబోలో దాన్ని తొలిసారి పరీక్షిస్తే, దానికి బలైన మొదటి బ్యాటర్ వీరేంద్ర సెహ్వాగ్. అంతే, నూటికి నూరుపాళ్లు సరిగ్గా లేని వస్తువు మాకొద్దని మన బోర్డు 2016 నవంబరు దాకా భీష్మించుకుంది. నూటికి నూరుపాళ్లు సరిగ్గా ఉంటేనే ఒప్పుకుంటామన్న ఈ పట్టుదల బోర్డు తన మిగతా వ్యవహారాల్లో కూడా చూపించి ఉంటే దేశం ఎక్కడో ఉండేది. 2017 ఫిబ్రవరిలో ఉప్పల్‌లో బంగ్లాదేశ్‌తో టెస్టు వచ్చింది. కోహ్లి 180 మీద ఎల్బీ అన్నారు. రివ్యూ అడిగి బతికాడు, 204 కొట్టాడు. ఆ సాయంత్రానికి నగరం మొత్తం సైన్సును నమ్మేసింది.

ఆ నమ్మకం 2024 జనవరి దాకా చెక్కుచెదరలేదు. ఇంగ్లండ్‌తో టెస్టు, జడేజా 87 మీద ఉన్నాడు. జో రూట్ బంతి బ్యాటుకు ముందు తగిలిందా ప్యాడుకు ముందు తగిలిందా? రెండూ ఒకేసారి తగిలినట్టే ఉంది. తేల్చలేనప్పుడు మైదానంలోని అంపైర్ మాటే నిలబడాలి. ఆయన అవుటన్నాడు కాబట్టి అవుట్. నాటౌట్ అని ఉంటే నాటౌటే అయ్యేది! చివరికి భారత్ 28 పరుగులతో ఓడింది. జడేజా ఉంటే ఇంకో 29 కొట్టేవాడని నయాపూల్ లెక్క కట్టింది. అదే టెస్టులో బెన్ డకెట్ మీద బుమ్రా ఎల్బీ అడిగితే రోహిత్ రివ్యూ తీసుకోకుండా ఊరుకున్నాడు. తర్వాత చూస్తే మూడూ ఎరుపే. ఈ సంగతి మాత్రం ఆ లెక్కలోకి రాలేదు.

క్రికెటర్‌కు రివ్యూ అడగడానికి 15 సెకన్లు ఇస్తారు. సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం బొమ్మ బయటికొచ్చి గంట కొట్టేదాకా జనం ఓపిగ్గా నిలబడే ఈ పేటలో 15 సెకన్లంటే ఎవరికి ఆనుతుంది? మన కొలత వేరు. అజారుద్దీన్‌ను చూడండి. 2000 డిసెంబరులో బోర్డు ఆయనపై జీవితకాల నిషేధం వేసింది. 99 టెస్టులాడిన 37 ఏళ్ల మనిషి. సివిల్ కోర్టులో ఓడాడు. హైకోర్టుకు వచ్చాడు. ఇదే మూసీ ఒడ్డున, 1920 నుంచి నిలబడి ఉన్న ఈ గుమ్మటాల కిందే, 2012 నవంబరు 8న నిషేధం చెల్లదని తీర్పొచ్చింది. రివ్యూ నెగ్గింది. అప్పటికి బ్యాటర్ వయసు 49. నూరో టెస్టు ఆడడానికి కీళ్లు ఒప్పుకోవాలి గదా!

కథ అక్కడితో అవలేదు. 2019లో ఆయన హైదరాబాద్ క్రికెట్ సంఘం అధ్యక్షుడయ్యాడు, ఆ హయాంలోనే ఉప్పల్ నార్త్ స్టాండ్‌కు ఆయన పేరు పెట్టారు. అంతకుముందు అక్కడ వీవీఎస్ లక్ష్మణ్ పేరుంది. 2025 ఏప్రిల్‌లో సంఘం అంబుడ్స్‌మన్ ఆ పేరు తీసెయ్యమన్నారు. ఆ ఉత్తర్వును హైకోర్టు ఆపింది. బ్యాటరిద్దరూ ఆట మానేసి ఏళ్లయినా స్టాండ్ మాత్రం క్రీజులోనే ఉంది.

ప్రపంచం మనకేమీ తీసిపోలేదు లెండి. 2006 ఆగస్టులో ఓవల్‌లో పాకిస్తాన్ అలిగి మైదానంలోకి రాకపోతే ఇంగ్లండ్ గెలిచిందన్నారు. 2008లో ఐసీసీ దాన్ని డ్రా చేసింది. 2009లో మళ్లీ ఇంగ్లండ్ గెలిచిందంది. ఒక్క బంతి పడకుండా రెండుసార్లు తిరిగిన ఫలితం.

బేస్‌బాల్ వాళ్లు 2026 నుంచి ఇంకో అడుగు వేశారు. స్ట్రైకా కాదా అన్న దానికి జట్టుకు రెండే చాలెంజ్‌లు. నెగ్గితే మిగులుతుంది, ఓడితే పోతుంది. అడగాల్సింది బ్యాటరో పిచరో క్యాచరో మాత్రమే. బయట కూర్చున్న పెద్దల వైపు చూడకూడదు, అక్కడికక్కడే తల మీద తట్టుకోవాలి. 2017లో బెంగళూరులో స్టీవ్ స్మిత్ డ్రెస్సింగ్ రూమ్ వైపు చూస్తే ఎంత రభస అయిందో మనకు గుర్తే. ఈ రూలు హైకోర్టుకూ పెడితే ఎలా ఉంటుందని వకీల్ సాబ్‌ను అడిగాను. క్లయింట్ తానే 15 సెకన్లలో నిర్ణయించుకోవాలి, వకీలు వైపు చూడకూడదు, తల తట్టుకోవాలి.

“తల కొట్టుకునుడు మా క్లయింట్లు ఎప్పటికెళ్లో చేస్తనే ఉన్నరు,” అన్నారాయన. “మిగతాది మాత్రం నడ్వది.”

నా తీర్పు మాత్రం ఇది, దీనిమీద అప్పీలు లేదు. హార్దిక్ నాటౌట్. లేథమ్ నాటౌట్. 1969లో మైదానం ఆరబెట్టాల్సింది. ఈ మూడూ ఒకే నోటితో ఒప్పుకున్నవాళ్లకే ఇకపై టీవీ ముందు చేతులతో టీ గుర్తు చూపించే హక్కు. మిగతావాళ్లు చాయ్ తాగి, డబ్బులిచ్చి వెళ్లండి.