మూడో పిన్ను మీద పగబట్టినవాడు

తెలుగు పల్లెల్లోనూ చిన్న పట్టణాల్లోనూ పెండ్లి మొదలు పెద్దకర్మ వరకు, వినాయక చవితి పందిరి మొదలు ఎన్నికల సభ వరకు, నలుగురు చేరే ప్రతి చోటికీ పురోహితుని కన్న ముందుగా వచ్చి, వంటవాని కన్న ఆలస్యంగా వెళ్ళే వ్యక్తి ఒకడుంటాడు. అతని అసలు పేరు రేషను కార్డులో తప్ప మరెక్కడా వాడుకలో లేదు గనుక ఊరంతా అతణ్ణి మైకుసెట్టాయన అనే పిలుస్తుంది. వయసు మీరిన తరువాత ఆ పిలుపు మైకుసెట్టు బాబాయిగా మారుతుందే గాని, అందులోని మైకుసెట్టు మాత్రం రాలిపోదు. చింతచెట్టుకు కొబ్బరితాడుతో రెండు హారన్లు కట్టి, అహూజా ఆంప్లిఫయరు ముందు కూర్చుని రికార్డులు తిప్పిన తరం నుంచి, ట్రాక్టరు ట్రక్కు మీద బాసు పెట్టెలను గోడలా పేర్చే నేటి డీజే తరం దాకా పరికరాలు ఎన్నో మారినా, ఈ జాతి లక్షణాలు చెక్కు చెదరలేదు. వాటిలో ప్రధానమైనది చెవిని తప్ప మరే ఇంద్రియాన్నీ, మరే శాస్త్రాన్నీ నమ్మకపోవడం. వినిపించేది ఉన్నట్టు, వినిపించనిది లేనట్టు అన్నది అతని సిద్ధాంతం. ఎర్తు వినిపించదు.

ఆ సిద్ధాంతానికి మొదట బలయ్యేది మూడు పిన్నుల ప్లగ్గు. మన దేశంలో ఇళ్ళకు వచ్చే 230 వోల్టుల కరెంటు ఫేజు, న్యూట్రలు అనే రెండు తీగల మీదనే పని చేస్తుంది. మూడో తీగ అయిన ఎర్తుకు, పరికరం సవ్యంగా ఉన్నంతకాలం ఏ పనీ ఉండదు. లోపల ఎక్కడో తీగ మీది తొడుగు చెడి, ఫేజు వచ్చి ఇనుప పెట్టెను తాకిన నాడు మాత్రం ఆ కరెంటును మనిషి ఒంటిగుండా పోనీయకుండా తన దారిన మళ్ళించుకుని, ఆ ఉధృతికి ఫ్యూజు కాలిపోయేట్టు చేయడమే దాని ఉద్యోగం. ఎర్తు పిన్నును తక్కిన రెండింటి కన్న పొడుగ్గా చేసింది, ప్లగ్గు పెట్టేటప్పుడు రక్షణ అన్నిటి కన్న ముందు తగిలి, తీసేటప్పుడు అన్నిటి కన్న చివర విడిపోవాలని. లావుగా చేసింది, పొరపాటున కూడా ఫేజు రంధ్రంలో దూరకూడదని. చాలా సాకెట్లలో లోపలి తలుపులు తెరుచుకోవడానికి కూడా ఆ పిన్నే తాళంచెవి. ఇంత ఆలోచించి చేసిన ఏర్పాటును మైకుసెట్టాయన ఒక్క స్క్రూడ్రైవరుతో జయిస్తాడు. ఎర్తు రంధ్రంలో దాన్ని పొడిచి తలుపులు తెరిపించి, తొక్క ఒలిచిన రెండు తీగలను కింది రంధ్రాల్లో దోపి, అవి జారిపోకుండా రెండు అగ్గిపుల్లలు బిగిస్తాడు. బీడీలు మానేసి ఇరవై ఏళ్ళయినవాని జేబులో ఇంకా అగ్గిపెట్టె ఎందుకుందని ఇంట్లోవాళ్ళు అనుమానపడటం ఈ వృత్తిలో మామూలే.

అయితే మూడో పిన్ను మీద అతనికున్న పగ బద్ధకం వల్ల పుట్టినది కాదు. దాని వెనుక అనుభవం ఉంది. సత్యహరిశ్చంద్ర నాటకానికి సెట్టు కట్టిన రాత్రిని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఆంప్లిఫయర్లు స్టేజీ పక్కన ఉంటాయి, వాటికి కరెంటు రామాలయం బోర్డు నుంచి వస్తుంది. మిక్సరు జనం వెనుక ఉంటుంది, దానికి కరెంటు ఎదురుగా ఉన్న సర్పంచిగారి అరుగు మీది బోర్డు నుంచి వస్తుంది. గుడి ఎర్తు వేరు, సర్పంచిగారి ఎర్తు వేరు. రెండూ భూమిలోకే దిగినా వాటి మధ్య వోల్టులో కొంత భాగమైనా తేడా ఉండి తీరుతుంది. మైకు నుంచి వచ్చే సంకేతం వోల్టులో వెయ్యో వంతు లెక్కలోనిది. ఈ రెండు ఎర్తులను కలుపుతూ మిక్సరు నుంచి ఆంప్లిఫయరు దాకా సాగిన కేబులు మీది లోహపు అల్లిక, అంటే షీల్డు, ఆ తేడాకు వంతెనగా మారి, దానిగుండా కరెంటు ప్రవహించి, ధ్వనిలో కలిసిపోతుంది. ఎర్తు లూపు అనే ఈ స్థితిలో, హరిశ్చంద్రుడు నోరు విప్పకముందే పెట్టెల్లోంచి జోరీగ నాదం మొదలవుతుంది.

ఆ నాదానికి ఒక శ్రుతి కూడా ఉంది. కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది గనుక హమ్ము అనే ఈ జోరీగ నాదం కూడా అదే స్థాయిలోనో, దానికి రెట్టింపైన 100 స్థాయిలోనో పలుకుతుంది. సంగీతపరంగా అది ఐదు శ్రుతికీ ఐదున్నర శ్రుతికీ నడుమ, ఐదుకు కాస్త దగ్గరగా నిలుస్తుంది. అటు పూర్తిగా ఐదూ కాక, ఇటు ఐదున్నరా కాక, రాత్రంతా తంబురాలా మోగే ఈ స్వరం లెగ్ హార్మోనియం వాయించే పెద్దమనిషికి శత్రువు. ఆయన వేళ్ళు ఆపి, తల తిప్పి, అద్దాల మీదుగా మైకుసెట్టాయన వైపు చూసే ఆ చూపుకు తట్టుకోలేకనే ఎర్తు తీగ తెగుతుంది. తెగిన మరుక్షణమే లూపు తెగి, జోరీగ చచ్చి, నిశ్శబ్దం అలముకుంటుంది. జనం చప్పట్లు కొట్టకపోయినా అతనికి కొట్టినట్టే వినిపిస్తుంది.

ఆ నిశ్శబ్దానికి సరైన దారులు వేరే ఉన్నాయి. మిక్సరుకూ ఆంప్లిఫయరుకూ ఒకే బోర్డు నుంచి కరెంటు తీసుకుంటే రెండు ఎర్తుల తగవే ఉండదు. క్యానన్ పిన్ను అని వాడుకలో పిలిచే మూడు కాళ్ళ కనెక్టరులో 2, 3 కాళ్ళ మీద ఒకే ధ్వని ఒకటి తిన్నగా, ఒకటి తలకిందులుగా ప్రయాణం చేస్తుంది. దారిలో చేరిన హమ్ము రెండింటిలోనూ ఒకే తీరుగా ఉండటం వల్ల, అవతలి కొసన ఒకదాన్నుంచి మరొకదాన్ని తీసివేస్తే హమ్ము రద్దయి ధ్వని మిగులుతుంది. దీన్ని బ్యాలెన్సుడు లైను అంటారు. అప్పటికీ తగ్గకపోతే నడుమ ఒక ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టవచ్చు, లేదా ధ్వని కేబులు షీల్డును ఒక కొసన మాత్రం విప్పవచ్చు; విప్పవలసింది ధ్వని కేబులులోని షీల్డునే గాని కరెంటు తీగలోని ఎర్తును కాదు. అసలు నేరం చాలాసార్లు ఎర్తుది కానే కాదని, షీల్డు వచ్చి కలిసే 1వ కాలును పెట్టె లోహానికి కాక లోపలి సర్క్యూటు బోర్డుకు అతికించిన తయారీదారులదని నీల్ మన్సీ 1995లో ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ పత్రికలో వివరించాడు. కాని ఇవన్నీ కేబుళ్ళు, సమయం, డబ్బు అడిగే మార్గాలు. కటింగు ప్లేయరు ఏదీ అడగదు.

ఎర్తు పోయిన తరువాతి కథ మైకుసెట్టాయన చెవికి అందదు, హరిశ్చంద్రుని చేతికి అందుతుంది. నేటి మిక్సర్ల పవర్ సప్లైలలో ఫేజు నుంచీ న్యూట్రలు నుంచీ లోహపు పెట్టెకు చిన్న కెపాసిటర్లు కట్టి ఉంటాయి. వాటిగుండా ఊరే కొద్ది కరెంటు మామూలుగా ఎర్తులోకి జారిపోతుంది. ఎర్తు లేనప్పుడు పెట్టె ఫేజుకూ న్యూట్రలుకూ నట్టనడుమ, అంటే ఇంచుమించు 115 వోల్టుల వద్ద త్రిశంకు స్వర్గంలో వేలాడుతూ, కేబులు షీల్డు మీదుగా మైకు గొట్టం దాకా ఆ వోల్టేజిని పంపుతుంది. హరిశ్చంద్రుడు త్రిశంకుని కొడుకే అయినా ఈ వారసత్వాన్ని ఆశించినవాడు కాడు. శ్మశాన ఘట్టం, వట్టి కాళ్ళు, నీళ్ళు చల్లిన మట్టి వేదిక, చెమట పట్టిన చెయ్యి. పద్యం చివర రాగం ఎత్తుకుంటూ నటుడు మైకు స్టాండు పట్టుకోగానే చీమలు కుట్టినట్టు జివ్వుమంటుంది.

“ఏమయ్యా, మైకు జిల్లుమంటోంది!” అని ఆయన తెర చాటుకు వచ్చి చెబితే, “అది పాడటానికి పెట్టింది గాని పట్టుకోవటానికి కాదు గురువుగారూ” అన్న సమాధానం సిద్ధంగా ఉంటుంది. మరీ గట్టిగా అడిగితే చెప్పులు వేసుకోమంటాడు. చెప్పులు వేసుకున్న కాటికాపరిని ప్రేక్షకులు ఒప్పుకోరు గనుక ఆయన పై కండువాను మైకుకు చుట్టి, విశ్వామిత్రునికి కూడా తట్టని ఈ పరీక్షకు నిలబడతాడు. ముందు వరుసలోని వృద్ధులకు ఆ వణుకు ఉత్తమ సాత్త్వికాభినయంగా కనిపిస్తుంది.

నవ్వు ఇక్కడ కొంచెం ఆపుకోవలసి ఉంది. కెపాసిటరు నుంచి ఊరే కరెంటు స్వల్పం. కాని తొడుగు చెడి ఫేజే నేరుగా పెట్టెను తాకితే అదే స్టాండు మీద నిండు 230 వోల్టులు నిలుస్తాయి. ఒంటిగుండా 1 మిల్లీఆంపియరు పోతే మనిషికి తెలుస్తుంది. 10 దాటితే చేతి కండరాలు బిగుసుకుని పట్టినదాన్ని వదలనీయవు. 50 దాటితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. స్కాట్లండుకు చెందిన గిటారు వాద్యకారుడు లెస్లీ హార్వే 1972 మే 3న వేల్స్‌లోని స్వాన్సీ నగరంలో వేదిక మీద, ఎర్తు సరిగా లేని మైకును తాకి కరెంటుకు బలయ్యాడు. మైకుసెట్టాయనకు దేశదేశాల్లో జ్ఞాతులున్నారు. అమెరికాలో మూడు పిన్నుల ప్లగ్గును రెండు రంధ్రాల సాకెట్టులో పెట్టడానికి వాడే బిళ్ళను చీటర్ ప్లగ్గు, అంటే మోసపు ప్లగ్గు, అంటారు. పేరు పెట్టడంలోనైనా వాళ్ళు నిజాయతీ పాటించారు.

ఎవరైనా ఇంజినీరింగు చదివిన కుర్రవాడు పందిట్లో నిలబడి ఎర్తు సంగతి అడిగితే, మైకుసెట్టాయన నొచ్చుకోడు. గునపం తెప్పించి వేదిక పక్కన అడుగున్నర లోతుకు దింపి, చెంబెడు నీళ్ళు పోసి, దానికో తీగ చుట్టి, “ఇదుగో నీ ఎర్తు” అంటాడు. పద్ధతి ప్రకారం ఎర్తు గొయ్యిలో రెండున్నర మీటర్లకు తగ్గని ఇనుప గొట్టం పాతి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసి, వేసవిలో నీళ్ళు పోస్తూ ఉండాలి. తేమ ఉన్న మట్టిలోనే కరెంటు తేలికగా పారుతుంది. గునపం బొత్తిగా లేకపోవడం కన్న మేలే గాని, దానికీ మట్టికీ నడుమ నిరోధం సులభంగా 100 ఓములు ఉంటుంది. 230ని 100తో భాగిస్తే వచ్చేది రెండు ఆంపియర్లకు కాస్త ఎక్కువ, దానికి 5 ఆంపియర్ల ఫ్యూజు చలించదు. గునపం ఉందన్న ధైర్యం, పెట్టె మీద ప్రాణం తీసే వోల్టేజి, రెండూ పక్కపక్కనే హాయిగా కాపురం చేస్తాయి. అందుకే ఇలాంటి చోట్ల ఆర్.సి.సి.బి. అవసరం. ఫేజులో వెళ్ళిన కరెంటూ న్యూట్రలులో తిరిగి వచ్చిన కరెంటూ సమానమా కాదా అని ఇది సదా లెక్క చూస్తూ, 30 మిల్లీఆంపియర్ల తేడా కనబడితే రెప్పపాటులో లైను కోసేస్తుంది. ఇంత నిక్కచ్చి గుమాస్తాను మైకుసెట్టాయన సహించలేడు. “ఊరికే పడిపోతోంది, పనికిమాలిన స్విచ్చి” అని దాన్ని తప్పించి డైరెక్టుగా కలుపుతాడు. ఊరికే పడిపోదని, ఏదో చూసే పడిపోతుందని అతనికి చెప్పేవారుండరు.

బోర్డే దొరకని చోట నేరుగా స్తంభం మీది తీగలకు కొక్కేలు తగిలించే అలవాటు 2003 నాటి విద్యుత్ చట్టం 135వ సెక్షను కింద నేరమని అతనికి తెలియకపోలేదు. కాని లైన్‌మ్యాన్ వరసకు బావమరిది. జనరేటరు అయితే మరో ముచ్చట. కోటప్పకొండ తిరునాళ్ళలో కరెంటు ప్రభల వంటి పెద్ద ఏర్పాట్లకు తెచ్చే త్రీఫేజు జనరేటరులో దీపాలు ఒక ఫేజు మీద, ధ్వని ఒక ఫేజు మీద నడుస్తాయి. ఏ రెండు ఫేజుల మధ్యనైనా 400 వోల్టులుంటాయి. వాటికి ఉమ్మడి అయిన న్యూట్రలు కొక్కెం వదులై ఊడిందంటే, తక్కువ బరువున్న ఫేజు మీది వోల్టేజి 400 వైపు ఎగబాకుతుంది. ఆ క్షణంలో పాట ఎంత బాగా వినిపిస్తుందంటే, ఆ తరువాత ఇంకేమీ వినిపించదు.

అతని సంరక్షణ పద్ధతులను వివరించడానికి ఎక్కువ చోటు అక్కరలేదు. కాలిన ఫ్యూజు స్థానంలో రాగి పోగు. ఫ్యాను గాలి దారిలో మూడు పెండ్లిళ్ళ అక్షింతలు, ఒక జాతర దుమ్ము, అప్పుడప్పుడు ఒక బల్లి కళేబరం. మోచేతికీ బొటనవేలికీ మధ్య చుట్టి చుట్టి లోపలే తెగిన కేబుళ్ళు. పనిచేస్తోందా లేదా అని మైకులో ఊదే “ఉఫ్”లు, ఆ ఊదుళ్ళ తడికి చిలుము పట్టిన జాలి. మిక్సరు ముందు, ఆంప్లిఫయరు ఆఖరున వెలిగించాలనీ, ఆర్పేటప్పుడు ఆంప్లిఫయరు ముందనీ ఉన్న నియమాన్ని అతడు తలకిందులుగా పాటించడం వల్ల వచ్చే ధబ్బు శబ్దాన్ని, సభ ముగిసిందనడానికి గుర్తుగా తీసుకోవడానికి ఊరివాళ్ళు అలవాటు పడిపోయారు. రాత్రి పది దాటితే లౌడ్‌స్పీకరు మోగించరాదన్న 2000 నాటి నిబంధన సంగతి అతడు గడియారంలో కాదు, కానిస్టేబులు మోటారు సైకిలు చప్పుడులో తెలుసుకుంటాడు.

ఇంతా చేసి ఇతణ్ణి మూర్ఖుడని కొట్టివేయడం న్యాయం కాదు. పది పెట్టెల్లో ఏ యూనిట్లో డయాఫ్రం చిరిగిందో ఊరి పొలిమేర నుంచి విని చెప్పగల చెవి అది. అర్ధరాత్రి సెల్‌ఫోను వెలుగులో తెగిన తీగకు టంకం వేసి, ద్రౌపదీ వస్త్రాపహరణం వేళకు ధ్వని అందించగల చెయ్యి అది. పైగా బేరం సంగతి చూడాలి. కమిటీవారు పువ్వులకు అడిగినంతా ఇచ్చి, బాణసంచాకు అడగనిదీ ఇచ్చి, మైకుసెట్టు దగ్గర మాత్రం ఐదు వందల కోసం అరగంట నిలబెడతారు. అతని బిల్లులో ఎర్తు తీగకు, ఆర్.సి.సి.బి.కి ఒక పంక్తి రాస్తే, “ఇదేమిటి, ఇది ఏం మోగుతుంది?” అని అడిగేది వాళ్ళే. అతని సిద్ధాంతం అతనొక్కడిదే కాదని అప్పుడు తెలుస్తుంది.

ఆ సిద్ధాంతానికి ఒకే ఒక్క మినహాయింపు అతని సొంత ఇంట్లో కనబడుతుంది. ఏనాడో వెట్ గ్రైండరు ముట్టుకున్న ఇల్లాలికి జిల్లుమన్నది. ఆవిడ హరిశ్చంద్రునిలా ఓర్చుకునే మనిషి కాదు, ఆ విషయం మూడు వీధుల దాకా వినిపించింది. వినిపించింది గనుక అది ఉన్నట్టే. ఆ వారంలోనే పెరట్లో రెండున్నర మీటర్ల గొట్టం దిగింది, బొగ్గు పడింది, ఉప్పు పడింది, ప్రతి సాకెట్టుకూ ఆకుపచ్చ తీగ వచ్చింది. తెల్లవారి తులసి కోటకు నీళ్ళు పోసిన చెంబుతోనే ఆయన ఎర్తు గొయ్యికి కూడా నీళ్ళు పోస్తాడు, గోడ అవతల నుంచి పక్కింటాయన ఎందుకని అడిగితే, “గ్రైండరుకు ఎర్తు లేకపోతే ఎట్లాగండీ, ప్రాణాలతో చెలగాటమా?” అని గంభీరంగా చెప్పి, జేబులో అగ్గిపెట్టె ఉందో లేదో తడిమి చూసుకుని వ్యానెక్కుతాడు.