మా వార్డు ప్రముఖులు

యాదగిరిగుట్టలో పుట్టినోళ్ళకు రెండు రాజకీయాలు తెలిసి ఉండాలి: గుట్ట మీదివి, గుట్ట కిందివి. మీద ఏం జరిగినా పేపర్లు మొదటి పేజీలో వేస్తాయి. 2022 మార్చి 28న కొత్త గుడి మహాకుంభ సంప్రోక్షణ రోజు రాష్ట్రమంతా టీవీల్లో మా గుట్టనే చూసింది. అదే పొద్దు మా గల్లీలో బోరు మోటరు కాలిపోయింది. దాన్ని ఏ చానలూ చూపించలేదు. మేం మాత్రం వారం రోజులు దాని గురించే మాట్లాడుకున్నాం.

2018 ఆగస్టు దాకా మాది గ్రామపంచాయతీ. ఏ పని ఆగినా సర్పంచుని ఒక్కడిని తిట్టుకుంటే సరిపోయేది. మున్సిపాలిటీ అయినంక పన్నెండు వార్డులు, పన్నెండు మంది కౌన్సిలర్లు, చైర్‌పర్సన్, కమిషనర్. ఎవరిని తిట్టాలో తేల్చుకోవడానికే సగం పొద్దు పోయేది. 2020 జనవరి 22న తొలి ఎన్నికలు జరిగాయి. హైదరాబాద్‌లో కొలువులు చేసుకునే మా పోరగాళ్ళలో పండుగకు రానోళ్ళు కూడా ఓటుకు దిగారు. చార్జీలు ఎవరిచ్చారని నేను అడగలేదు, మీరూ అడగకండి.

అసలు ముచ్చట ఆ తర్వాతది. 2019 మున్సిపల్ చట్టంలో ఒక ఏర్పాటుంది. ప్రతి వార్డుకు నాలుగు కమిటీలుండాలి: యువకులది, మహిళలది, సీనియర్ సిటిజన్లది, ప్రముఖ పౌరులది. కమిటీకి పదిహేను మంది. అంటే వార్డుకు అరవై, ఊరికి ఏడు వందల ఇరవై. ఈ చట్టం రాసిన పెద్దమనిషెవరో తెలియదు గానీ, ఆయనకు మా ఊరి నాడి బాగా తెలుసు. ఇక్కడ మనిషి జీతం లేకుండా బతుకుతాడు, పదవి లేకుండా బతకలేడు.

పేర్లు రాసుకునే రోజు మా మూలమలుపు వేపచెట్టు కింద కుర్చీలు వేశారు. మొదటి పంచాయితీ పక్కింటి రిటైర్డ్ సారుతో వచ్చింది. సీనియర్ సిటిజన్లలో ఆయన పేరు రాయబోతే కలం పట్టుకుని ఆపాడు. "నలభై ఏండ్లు పాఠాలు చెప్పిన. నేను ముసలోన్నా, ప్రముఖున్నా? ఆలోచించి రాయి." మీసానికి రంగేసుకుని వచ్చిన ఒకాయన యువకుల కమిటీ కావాలన్నాడు. ఆయన పెద్దకొడుకు పేరు అప్పటికే అందులో ఉంది. ఎదురింటి పెద్దమ్మది ఇంకో తీరు.

"నన్ను ఏ దాంట్ల రాసినవ్ బిడ్డా?"

"మహిళల దాంట్ల, పెద్దమ్మా."

"అది తీసెయ్. ముసలోళ్ళ దాంట్ల రాయి. పింఛన్ పెరుగుతదేమో."

నన్ను ప్రముఖుల్లో రాశారు. నా గొప్పతనమేమీ లేదు, పద్నాలుగు మంది అయ్యాక ఒక్కరు తక్కువ పడ్డారు, నేను ఎదురుగా నిలబడి ఉన్నాను. ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ చాట పక్కన పెట్టకుండానే అంది: "ప్రముఖులు పోయి రెండు కొత్తిమీర కట్టలు పట్టుకరాన్రి."

అదే ఏడాది ఫిబ్రవరి 24న పట్టణ ప్రగతి కార్యక్రమం మొదలైంది. పదిరోజులు చీపుర్లు, బ్లేడు ట్రాక్టర్లు, ఫొటోలు. చెట్ల దగ్గర మాత్రం చట్టం పళ్ళు చూపించింది. బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికే పెట్టాలి, నాటిన మొక్కల్లో ఎనభై అయిదు శాతం బతకాలి, లేకపోతే కౌన్సిలర్ పదవికే ఎసరు. నాటినవాడి కన్నా, నీళ్ళు పోసేవాడి కన్నా, మొక్కల మీద ఎక్కువ పెత్తనం మేకలది. మా కానుగ మొక్కకు ముళ్ళకంప కడితే, ఒక మేక వెనక కాళ్ళ మీద లేచి, ముందు కాళ్ళు కంప మీద ఆనించి, కొస చిగురు ఒక్కటే నిమ్మళంగా కొరికింది. ఆ మేక గలామె మహిళా కమిటీ సభ్యురాలు. ఆమెకు నోటీసియ్యాలంటే ముందు ఆమె సంతకం కావాలి.

మీటింగుల్లో ఎక్కువసార్లు నడిచింది ఇంటి పన్ను సంగతి. ఏప్రిల్‌లో ముందుగా కడితే అయిదు శాతం తగ్గింపుంటుంది; మా వాళ్ళు ఆ అయిదు శాతం గురించి నెలంతా మాట్లాడి మే నెలలో కడతారు. ఒకసారి సారు లేచి, "ఊర్లె అందరికన్న పెద్దిల్లు నర్సింహసామిది. ఆయనెంత కడుతుండు?" అన్నాడు. గుళ్ళకు పన్ను మినహాయింపని ఆయనకు తెలుసు, మీటింగు చప్పగా ఉందని అడిగాడు. కొబ్బరికాయల దుకాణపు తమ్ముడు ఊరుకోలేదు. "సామి దగ్గరికి జనం రాకపోతె నేను కట్టను సారూ. ఆయన కట్టకున్నా నాతోని కట్టిస్తుండు." మా మున్సిపాలిటీ ఆర్థికశాస్త్రం మొత్తం ఇంతే. దీని మీద నేను ఇంకో ముక్క కలపలేను.

అట్లా గుట్ట మీది నిర్ణయం కింద మా పొయ్యిలదాకా వస్తుంది. కొత్త గుడి తెరిచినంక ఆటోలను కొండెక్కనీయలేదు. మళ్ళీ ఎక్కింది 2024 ఫిబ్రవరిలో. ఆ నడుమ ఎన్ని దీక్షలు, ఎన్ని ధర్నాలు! మా కమిటీ కూడా ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. గుట్ట మీది రోడ్డు మా వార్డులోకి రాదని ఆ తర్వాత ఎవరో గుర్తు చేశారు. అయినా తీర్మానం వెనక్కి తీసుకోలేదు. ఆటో ఉన్న ఇల్లంటే నాలుగోట్లు.

2025 జనవరిలో పాలకవర్గం గడువు తీరి స్పెషల్ ఆఫీసర్ పాలన వచ్చింది. కౌన్సిలర్లు మాజీలయ్యారు, ఆశావహులు బయటికొచ్చారు. మా వాడ తమ్ముడొకడు చావులకూ పెండ్లిళ్ళకూ హాజరు వేయించుకుంటూ చేతులు జోడించిన ఫ్లెక్సీలు కట్టాడు. సీట్లలో సగం ఆడవాళ్ళవి కదా, ఈసారి మా వార్డు మహిళకే పోతుందని పుకారు లేచింది. రెండు రోజుల్లో ఫ్లెక్సీ మారింది. తమ్ముడి ఫొటో అంతే పెద్దది. కింద మూలకు పట్టుచీరలో అతని భార్య.

కిరాణం దగ్గర కనిపిస్తే పలకరించాను. "ఏం చెల్లే, నిలబడుతున్నవంట?"

"నాకూ ఫ్లెక్సీ చూసినంకనే తెలిసిందన్నా. ఆ ఫొటో మా చిన్నచెల్లె పెండ్లిల దిగింది. నా పక్కనే పెండ్లిపిల్ల ఉండె, దాన్ని కోసేసిన్రు. ఇప్పుడది అలిగి ఓటెయ్యనంటుంది. వాళ్ళత్తగారిల్లు మన వార్డే గద, అయిదు ఓట్లన్నా!"