మేడ్చల్ లైను టైంటేబుల్ గారికి విన్నపాలు

మహారాజశ్రీ హైదరాబాద్ ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ల టైంటేబుల్ గారి సముఖానికి,

మల్కాజిగిరి, సఫిల్‌గూడ, అల్వాల్, బొల్లారం వాసుల తరఫున రాస్తున్న ఉత్తరమిది. రైల్వే మంత్రిగారికో రైల్వే బోర్డుకో కాకుండా తమకే ఎందుకంటే, ఇవ్వాల్సినవి వాళ్లు చాలావరకు ఇచ్చేశారు. బొల్లారం నుంచి మేడ్చల్ దాకా 14 కిలోమీటర్ల రెండో లైను పడింది. కరెంటు తీగలొచ్చాయి. 2023 ఏప్రిల్ 8న ప్రధాని పచ్చజెండా ఊపారు. కనీస టికెట్ 5 రూపాయలే. కొరతల్లా బండికీ బండికీ మధ్య తమరు పెట్టిన ఎడంలో ఉంది. కాలనీ రోడ్డు చివర షేర్ ఆటోను చూడండి, దానికి టైంటేబుల్ ఊసే లేదు. వెనక ముగ్గురి సీట్లో నలుగురు, డ్రైవర్ పక్కన ఇంకొకరు సగం ఒళ్లు బయటపెట్టి. అయినా జనం దాన్నే నమ్ముతారు. ఒకటి పోతే వెనకే ఇంకోటి వస్తుందని వాళ్ల ధీమా. ఆ ధీమా రైలు మీద కలగనంత కాలం టికెట్ ఎంత చవకైనా ఒకటే.

ఎక్కేవాళ్లు లేకే బళ్లు తక్కువ వేశామని తమరనవచ్చు. మల్కాజిగిరి నుంచి మేడ్చల్ దాకా ఈ పట్టాలు నడిచేది దేశంలోకెల్లా ఎక్కువ ఓటర్లున్న లోక్‌సభ స్థానంలో; 2024లో వాళ్లు 30 లక్షల పైమాటే, ఎక్కేవాళ్లకు కొదవేముంది? ఎప్పుడు తీస్తారో తెలియని కిరాణా కొట్టుకు బేరాల్లేవని, ఊళ్లో ఎవరికీ ఆకలి లేదనుకుంటామా? ఇది నిజామాబాద్ దారి, ఎక్స్‌ప్రెస్‌లూ గూడ్సులూ పోవాలి కదా అన్నది మాత్రం న్యాయమైన మాట, ఒప్పుకుంటాం. అందుకే రోజంతా బళ్లు అడగడం లేదు. ఉన్నవాటిలో కొన్నింటిని ఆఫీసు వేళలకు జరిపి, సమాన ఎడంతో నడపమంటున్నాం. సికింద్రాబాద్‌లో దిగినవాడికి అక్కడే మెట్రో ఉంది, రాయదుర్గం దాకా వెళ్తుంది. ఈ చివర బండి కుదిరితే ఆ చివర దారి తయారుగానే ఉంది.

మెట్రోయే వస్తుందిగా అంటారా? పారడైజ్–మేడ్చల్, జేబీఎస్–శామీర్‌పేట మార్గాలకు డీపీఆర్‌లు (సమగ్ర ప్రాజెక్టు నివేదికలు) సిద్ధం చేయమని 2025 జనవరి 1న ముఖ్యమంత్రి చెప్పారు, సంతోషం. అయితే నగరంలో మెట్రో 2017 నవంబరులో మొదలైతే, జేబీఎస్–ఎంజీబీఎస్ ముక్క 2020 ఫిబ్రవరికి గానీ తెరుచుకోలేదు. పైగా మేడ్చల్ మెట్రో సుచిత్ర, కొంపల్లి మీదుగా పోయేది. అల్వాల్‌కు శామీర్‌పేట దారిమీద ఆశ పెట్టుకోవచ్చునేమో గానీ, సఫిల్‌గూడకు రెండూ పక్కవీధి పెళ్లే.

కోరేది ఒక్కటే. ఉదయం 7 నుంచి 10 వరకు, సాయంత్రం 5 నుంచి 8 వరకు అరగంటకొక బండి, మూడు నెలలపాటు, ఒక్కటి కూడా రద్దు చేయకుండా నడిపి చూడండి. అప్పటికీ బోగీలు ఖాళీగా ఉంటే ఈ ఉత్తరం చింపేయండి.

చిత్తగించవలెను.