లింకేశ్వరుడు

ప్రతి అపార్టుమెంటులో, ప్రతి బంధువర్గంలో ఒక లింకేశ్వరుడు ఉంటాడు. కొత్త ల్యాప్‌టాప్ కొన్నవాళ్లు దానికి పసుపూ కుంకుమా పెట్టాక నేరుగా ఆయన దగ్గరికే తీసుకెళతారు. ఆయన బండి తాళాలకు వేలాడే పెన్‌డ్రైవ్ ఊడదీసి, "ముందు యాంటీవైరస్ ఆపెయ్యండి" అంటాడు. విండోస్‌కు యాక్టివేటర్, ఫొటోషాప్‌కు క్రాక్, పిల్లాడికి రీప్యాక్ చేసిన ఆట, ఇంటి ఇల్లాలికి నిన్న విడుదలైన సినిమా. గంటలో వేల రూపాయల సరుకు ఎక్కించి, కాఫీ తాగి లేస్తాడు. పైసా ముట్టడు, ఆ విషయంలో మహా నిష్ఠాపరుడు. అత్త సొమ్ము అల్లుడు దానం చెయ్యడమని సామెత ఉంది గానీ, అందులో అల్లుడికి కనీసం అత్తగారెవరో తెలుసు. ఈయనకు ఆ పరిచయం కూడా అక్కర్లేదు.

ఎందుకండీ ఇదంతా అంటే, "మనలాంటివాళ్లు కొనగలరా?" అని ఎదురు ప్రశ్న వేస్తాడు. కొనలేనివాళ్లు ఉన్నమాట నిజమే. ఏ జిల్లా నుంచో హైదరాబాదు అమీర్‌పేటకు కోర్సు నేర్చుకుందామని వచ్చి, హాస్టల్ అద్దె కట్టడానికే ఇంటికి ఫోన్ చేసే కుర్రాడు క్రాక్ కాపీ మీద పని నేర్చుకుంటే అతన్ని బోనెక్కించడానికి ఎవరికీ మనసొప్పదు. చట్టం కూడా ఆ తేడా గుర్తించింది. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 63బి సెక్షన్ ప్రకారం, దొంగ కాపీ అని తెలిసే సాఫ్ట్‌వేర్ వాడితే కనీసం ఏడు రోజుల జైలు. లాభం కోసమో, వ్యాపారంలోనో వాడలేదని తేలితే మాత్రం కోర్టు జైలు మాఫీ చేసి, 50 వేలకు మించని జరిమానాతో వదిలేయవచ్చు. కానీ లింకేశ్వరుడు ఆ కుర్రాడు కాడు. చేతిలో ఐఫోన్, ఇంట్లో యాభై అయిదు అంగుళాల టీవీ. కొనే సందర్భం వచ్చినప్పుడు మాత్రం ఆ కుర్రాడి పేదరికాన్ని కాసేపు అరువు తెచ్చుకుంటాడు. నా అభియోగమల్లా ఇదే. పైరసీకి నిజంగా గట్టి సాకులు కొన్ని ఉన్నాయి, వాటిలో ఒక్కటీ ఆయనది కాదు.

ధర ఒక్కటే అడ్డమైతే, ధర లేనిచోట ఆయన బుద్ధిగా ఉండాలి. ఉండడు. విన్‌రార్ అనే సాఫ్ట్‌వేర్‌కు నలభై రోజుల ఉచిత గడువు. అది దాటాక కూడా పని మానదు, కొనమని ఒక చిన్న పెట్టె చూపించి బతిమాలుతుందంతే. దానికి కూడా క్రాక్ వేస్తాడు. లిబ్రే ఆఫీస్ ఉచితం కదా అంటే, "ఫ్రీగా ఇచ్చేది ఏం బాగుంటుందండీ" అని పెదవి విరుస్తాడు. సిలికానాంధ్ర పుణ్యమా అని మండలి, రామభద్ర, పొన్నాల లాంటి తెలుగు యూనికోడ్ ఫాంట్లు ఎవరైనా వాడుకునేలా ఊరికే దొరుకుతుంటే, ఆయన ఇంకా 2001 నాటి పేజ్‌మేకర్ 7 దొంగ కాపీకి పాత ఫాంట్లు అతికించే విద్య జనానికి నేర్పుతుంటాడు. పైరసీ చాలావరకు ధర సమస్య కాదు, సేవ సమస్య అని కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ దుకాణం నడిపే గేబ్ న్యూవెల్ 2011లోనే అన్నాడు. పాటల విషయంలో అది కళ్లముందే రుజువైంది. ఫోన్‌లో నొక్కగానే పాట వినిపించడం మొదలయ్యాక జనం ఎంపీత్రీలు దింపుకోవడం చాలావరకు మానేశారు. లింకేశ్వరుడు మానలేదు. కొన్న కాపీని నలుగురికీ చూపించి గొప్పలు పోలేం. దొరకనిది దొరకబుచ్చుకున్నవాడికే సభలో పీట. ఆయన మిగుల్చుకునేది డబ్బు కాదు, పరపతి.

లింకేశ్వరుడు తనే బొమ్మలో పాటలో తయారుచేసి అమ్ముకునే వృత్తిలో ఉంటే కథ మరీ రంజుగా ఉంటుంది. పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ లింకేశ్వరుడు దొంగ ఫొటోషాప్‌లో ఆల్బం చేసి, ఎక్కడో దింపిన పాటను వీడియోకు తగిలిస్తాడు. ఆ తరవాత పెళ్లివారికి పంపే నమూనా ఫొటోల మీద, సరిగ్గా పెళ్లికూతురి ముఖం మీదుగా, తన స్టూడియో పేరు ఏటవాలుగా వేస్తాడు. అదేమిటంటే, "బాకీ తీర్చకుండా స్క్రీన్‌షాట్ తీసుకుని సరిపెట్టేస్తారండీ, జనానికి నీతి లేదు" అంటాడు. శ్రమ కాగితంలో లేదని, బొమ్మలో ఉందని, నకలు తీసుకున్నా కూలి ఎగ్గొట్టినట్టేనని ఆయనకు ఏ వకీలూ చెప్పనక్కర్లేదు. ఆ జ్ఞానం ఆయన గుమ్మం దాటి బయటికి రాదు, అంతే.

ఇక ఆయన బ్రహ్మాస్త్రం: "దొంగతనమంటే అవతలివాడి వస్తువు పోవాలి. నేను కాపీ చేసుకున్నాక వాడిది వాడి దగ్గరే ఉందిగా?" దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. ఎల్విస్ ప్రెస్లీ పాటల దొంగ రికార్డుల కేసులో అమెరికా సుప్రీంకోర్టు 1985లో ఇంచుమించు ఇదే చెప్పింది, కాపీరైట్ ఉల్లంఘనను మామూలు దొంగతనంతో ఒకే గాట కట్టలేమని. సరే, దొంగ అనను. కూలి ఎగ్గొట్టినవాడు కూడా ఎవరి వస్తువూ ఎత్తుకుపోడు కదా! "ఆ కూలి బిల్ గేట్స్‌దేగా, ఆయనకేం తక్కువ?" అంటాడు. అదీ కొంత నిజం. 1976లో తన బేసిక్ సాఫ్ట్‌వేర్‌ను కొనకుండా వాడుకుంటున్నారని బహిరంగ లేఖ రాసి వాపోయిన గేట్స్, 1998 నాటికి చైనా గురించి, ఎలాగూ దొంగిలిస్తారు కాబట్టి మాదే దొంగిలిస్తే మేలన్న ధోరణిలో మాట్లాడాడు. అలవాటుపడినవాడు ఎప్పటికైనా కొంటాడని ధీమా. కొండంత కంపెనీకి ఆ లెక్క సరిపోతుంది. తెలుగు ఫాంటు గీసి అమ్ముకునేవాడికి, మొదటి సినిమా తీసి అప్పులపాలైనవాడికి రేపటి చైనా ఎక్కడిది? వాళ్లకు దొరికే కొనుగోలుదారులం మనం ఇంతమందిమే.

అప్పుడు ఆయన 'అత్తారింటికి దారేది' పేరెత్తుతాడు. 2013 సెప్టెంబరులో విడుదలకు ముందే గంటన్నర సినిమా బయటికొచ్చినా అది ఘనవిజయం సాధించలేదా అని. సాధించింది. అక్టోబరు 9న రావలసినదాన్ని హడావిడిగా సెప్టెంబరు 27కే తెచ్చారు, పవన్ కల్యాణ్ అభిమానులు పంతంగా థియేటర్లు నింపారు. ఆ అభిమాన సేన లేని చిన్న సినిమాకు అదే గతి పడితే ఎవరూ ఉదాహరణగా చెప్పుకోరు, ఎందుకంటే దాని పేరే ఎవరికీ గుర్తుండదు. టికెట్ల ధర గురించి మాత్రం ఆయనతో నేను పోట్లాడను. 2024లో 'పుష్ప 2' బెనిఫిట్ షోలకు తెలంగాణలో టికెట్ మీద అదనంగా 800 రూపాయలు వసూలు చేసుకోనిచ్చారు. కోపం రావడం న్యాయమే. కానీ ఆ కోపం ఆయన్ని ఎక్కడికి తీసుకెళ్లిందో చూడండి. 2025 నవంబరులో దొంగ సినిమాల సైటు ఐబొమ్మను నడిపాడంటూ హైదరాబాదు పోలీసులు ఒకరిని అరెస్టు చేస్తే, రాబిన్‌హుడ్‌ను పట్టుకున్నారని సోషల్ మీడియాలో శోకాలు పెట్టినవాళ్లలో ఈయనా ఉన్నాడు. ఆ సైటు బెట్టింగ్ యాప్‌ల ప్రచారం మీద సంపాదించిందని పోలీసులు చెప్పిన మాట ఆయన ఫార్వర్డ్ చెయ్యలేదు.

ఆయన పక్షాన వాదించదగిన కేసు ఒకటుంది, ఆయనకే అది పట్టలేదు. ఆటల కంపెనీ యూబీసాఫ్ట్ 2014లో అమ్మిన 'ది క్రూ' ఆటకు 2024 మార్చి 31న సర్వర్లు ఆపేసింది. డబ్బిచ్చి కొన్నవాళ్ల చేతిలో కూడా ఆట మిగల్లేదు. అమెరికాలో విడుదలైన పాత వీడియో గేముల్లో 87 శాతం మార్కెట్లో దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది. అమ్మేవాడే లేని ఆటను ఎవరో దాచి పదిమందికీ పంచితే ఎగ్గొట్టిన కూలి ఎవరిదో చూపించడం కష్టం. అక్కడ పంచేవాడు చేసేది దాదాపు గ్రంథాలయం పనే, నా ఓటు అతనికే. ఈ సంగతంతా చెబితే లింకేశ్వరుడు ఓపిగ్గా విని, పాత ఆటలు ఎవరికి కావాలండీ, ఈ శుక్రవారం వచ్చేవాటి సంగతి చెప్పండి అంటాడు.