చెరువు శిఖం ప్లాటు, జూబ్లీహిల్స్ రేటు

ఆన్‌లైన్‌లో అప్పులిచ్చే కంపెనీకి విలువ కట్టడం మహా కష్టమని ఎవరో పుకారు పుట్టించారు. ఫైనాన్సులో అంతకన్నా సులువైన పని ఇంకోటి లేదు. ముందు ధర అనుకోవాలి. ఆ ధర పలుకుతున్న కంపెనీలు ఎక్కడున్నాయో వెతకాలి. దొరికినవాటిని ఎక్సెల్‌లో వరుసగా పేర్చి, నెత్తిన ‘పోల్చదగిన కంపెనీలు’ అని రాయాలి. మర్చంట్ బ్యాంకర్లు దీన్ని ముద్దుగా ‘కాంప్స్’ అంటారు. కంపెనీ లోపల ఏముందో చూడకుండా పక్కింటిని చూసి రేటు చెప్పే ఈ విద్య కోసం పిల్లలు లక్షలు పోసి ఎంబీయే చదువుతున్నారు. మన ప్లాట్ల బ్రోకరు దాన్ని టీకొట్టు దగ్గరే నేర్చేసుకున్నాడు.

“సార్, పక్క వెంచర్లో గజం నలభై వేలు నడుస్తోంది. మనది ముప్పై అయిదుకే ఇప్పిస్తా” అంటాడు. ఆ వెంచరు మెయిన్ రోడ్డు మీద ఉందనీ, ఇది చెరువు శిఖంలో ఉందనీ చెప్పడు. గట్టిగా అడిగితే “రెండూ ఒకే మండలం కదా సార్” అంటాడు. అప్పుల కంపెనీలదీ శిఖం భూమే. ఎండాకాలంలో వెళ్లి చూస్తే చదునుగా, ముచ్చటగా, హద్దురాళ్లతో సహా కనిపిస్తుంది. వాన పడితేగానీ నీళ్లెక్కడిదాకా వస్తాయో తెలీదు. అప్పు పుచ్చుకున్నవాడు మొదటి నాలుగు కిస్తీలు బుద్ధిగానే కడతాడు. ఎగవేత తర్వాతి మాట. ఈలోపు కంపెనీ మరింతమందికి అప్పులిచ్చేస్తుంది కాబట్టి మొత్తం పుస్తకంలో మొండి బకాయిల శాతం ఎప్పుడూ అందంగానే ఉంటుంది. ఎంత వేగంగా పెరిగితే అంత అందం.

ఈ విద్య నిండుగా ప్రదర్శితమైంది 2014 డిసెంబరులో, న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో. లెండింగ్‌క్లబ్ పబ్లిక్ ఇష్యూకి వచ్చింది. 2007లో ఫేస్‌బుక్ మీద చిన్న యాప్‌గా మొదలైన కంపెనీ. డబ్బున్నవాణ్నీ, డబ్బు కావాల్సినవాణ్నీ వెబ్‌సైటులో కలిపి, ఇద్దరి దగ్గరా ఫీజు తీసుకునేది. కాగితం మీద అప్పు ఇచ్చేది యూటాలోని వెబ్‌బ్యాంక్. డైరెక్టర్ల బోర్డులో అమెరికా మాజీ ఆర్థికమంత్రి లారీ సమ్మర్స్, మోర్గాన్ స్టాన్లీ మాజీ సారథి జాన్ మాక్, ఇంటర్నెట్ కంపెనీల జాతకాలు చెప్పడంలో పేరుమోసిన మేరీ మీకర్. అంతకుముందు ఏడాదే గూగుల్ డబ్బు పెట్టింది. ఇంతమంది పెద్దలు కూర్చున్నచోట “ఇది వడ్డీ వ్యాపారం కదండీ” అని అడగడానికి ఎవరికి నోరొస్తుంది?

ఎక్కడో ఒక ఆఫీసులో ఒక కొత్త కుర్రాడు అడిగే ఉంటాడని నా ఊహ.

“సార్, వీళ్లది అప్పుల వ్యాపారం కదా, బ్యాంకుల వరుసలో పెట్టనా?”

“పెడితే ఎంతొస్తుంది?”

“బ్యాంకుల షేర్లు పుస్తక విలువకి ఒకటీ, ఒకటిన్నర రెట్లలో ఉన్నాయి సార్. ఆ లెక్కన మనం అనుకున్నదాంట్లో సగం కూడా రాదు.”

“అయితే వీళ్లది బ్యాంకు కాదు. లాభానికి ఎన్ని రెట్లో చూడు.”

“లాభం లేదు సార్. నష్టం.”

“శుభం. అయితే ఆదాయానికి ఎన్ని రెట్లో చూడు. వెబ్‌సైటు ఉందిగా, ఇంటర్నెట్ కంపెనీల్లో పెట్టు.”

“వెబ్‌సైటు బ్యాంకులకీ ఉంటుంది కదా సార్.”

“బాబూ, నువ్వు ఆడిట్‌లో చేరాల్సినవాడివి.”

కుర్రాడి సంగతి ఊహే గానీ, తర్వాతి లెక్కలు నిజం. షేరు 15 డాలర్లకు అమ్మారు. మొదటిరోజు 23.43 దగ్గర ముగిసింది. మార్కెట్ విలువ దాదాపు 850 కోట్ల డాలర్లు. ఆ ఏడాది కంపెనీ ఆదాయం 21 కోట్ల చిల్లర. అంటే ఆదాయానికి నలభై రెట్లు. నష్టం మూడు కోట్ల పైచిలుకు కాబట్టి లాభానికి ఎన్ని రెట్లన్న గడిలో ‘అర్థరహితం’ అని రాసుకోవాలి. కాంప్స్ పట్టికల్లో ఇది మామూలే. లాభం లేనప్పుడు లాభమనే ప్రశ్నే అర్థరహితమైపోతుంది.

ఆరు రోజులు తిరక్కుండానే ఆన్‌డెక్ వచ్చింది. చిన్న వ్యాపారులకు అప్పులిచ్చే కంపెనీ. ఇప్పుడు పోలికకి ఇంటర్నెట్ కంపెనీల దాకా పోనక్కర్లేదు, సాక్షాత్తూ సొంత కులంలోనే ఒకరున్నారు. ఆ ఒకరి వయసు మార్కెట్‌లో వారం కూడా లేదు. అయితేనేం, 20 డాలర్లకు ఇష్యూ చేస్తే మొదటిరోజే 28 దగ్గరికి పోయింది. ఇష్యూ ధర ప్రకారమే కంపెనీ విలువ దాదాపు 130 కోట్ల డాలర్లు. మొదటి కంపెనీ ధరకి ఆధారం ఆశ, రెండో కంపెనీ ధరకి ఆధారం మొదటి కంపెనీ ధర.

ఇద్దరూ ఒకటేనా అంటే, కాదు. లెండింగ్‌క్లబ్ ఆదాయంలో ఎక్కువ భాగం ఫీజు. అప్పు మునిగితే మునిగేది దాన్ని కొనుక్కున్న మదుపరి. ఆన్‌డెక్ చాలా అప్పుల్ని తన పుస్తకాల్లోనే ఉంచుకునేది, దాని ఆదాయంలో ఎక్కువ భాగం వడ్డీ. ఆ వడ్డీలోంచే తను తెచ్చిన డబ్బుకి వడ్డీ కట్టాలి, మునిగినవాటికి పక్కన పెట్టాలి. ఫీజు రూపాయి, వడ్డీ రూపాయి ఒక్కటి కావు. కానీ పట్టికలో ‘ఆదాయం’ అనే నిలువు గడి ఒక్కటే ఉంది. దాంట్లో ఇద్దరూ ఇమిడిపోయారు.

ఇంకో తమాషా ఉంది. మామూలు కంపెనీకి షేర్ల విలువకి అప్పు కలిపి, చేతిలో నగదు తీసేసి, ‘ఎంటర్‌ప్రైజ్ వాల్యూ’ అంటారు. సిమెంటు కంపెనీకి ఆ లెక్క బాగానే ఉంటుంది. అప్పులిచ్చే కంపెనీకి అప్పు బరువు కాదు, ముడిసరుకు. విలువ కట్టే పాఠాలకు పేరుపడ్డ న్యూయార్క్ ప్రొఫెసర్ అశ్వత్ దామోదరన్ ఏళ్ల తరబడి చెబుతున్నది ఇదే: ఆర్థిక సంస్థల్ని షేరు ధరకీ లాభానికీ, షేరు ధరకీ పుస్తక విలువకీ మధ్య నిష్పత్తులతో చూడండి, ఎంటర్‌ప్రైజ్ వాల్యూ జోలికి పోకండి అని. ఆయన వీడియోలు అందరూ చూస్తారు. చూసి, ఎక్సెల్ తెరిచి, పాత ఫైలు కాపీ చేస్తారు. ఆ ఫైలు సాఫ్ట్‌వేర్ కంపెనీది.

పట్టిక కుదిరాక మిగిలిందంతా అలంకరణే. సగటు బాగుంటే సగటు, మధ్యగతం బాగుంటే మధ్యగతం. చౌకగా ఉన్న కంపెనీ మరీ కిందికి లాగుతుంటే ‘అసాధారణం’ అని తీసెయ్యాలి. ఖరీదైనది మరీ పైకి లాగుతుంటే దాన్ని ‘పరిశ్రమ అగ్రగామి’ అనాలి. ఈ ఏడాది లెక్క చాలకపోతే వచ్చే ఏడాది ఆదాయం వాడాలి. అదీ చాలకపోతే ఆపైఏడాదిది. చివర్లో ‘ఫుట్‌బాల్ ఫీల్డ్’ అని రంగురంగుల అడ్డపట్టీల బొమ్మ వేస్తారు. ఏ పద్ధతిలో విలువ ఎంత నుంచి ఎంత దాకా అని. విచిత్రంగా అన్ని పట్టీలూ అనుకున్న ధర దగ్గరే కలుస్తాయి.

ఇదంతా అమెరికా గోల అనుకుని హైదరాబాదు నిశ్చింతగా కూర్చోవడానికి లేదు. మన ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్‌ది ఆన్‌లైన్ వ్యాపారం కాదు, వారం వారం గ్రూపు మీటింగుల్లో చేతికి చెయ్యి వసూళ్లు. 2010 ఆగస్టులో షేరు 985 రూపాయలకు అమ్మితే జనం ఎగబడ్డారు. పోలికకి ఎవరు దొరికారంటే, మూడేళ్ల ముందు షేరు మార్కెట్‌కి ఎక్కిన మెక్సికోలోని కంపార్టమోస్. అక్కడా పేద మహిళలే, ఇక్కడా పేద మహిళలే, చాలదూ? అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ మీద ఆర్డినెన్సు తెచ్చింది, వసూళ్లు ఆగిపోయాయి. రెండేళ్లలో షేరు వంద దిగువకు వచ్చింది. కాంప్స్ పట్టికలో ఆర్డినెన్సుకి గడి ఉండదు. మెక్సికో కంపెనీ పక్కన కూర్చోబెట్టినప్పుడు, ఊళ్లో ఒకే ఆడమనిషి నాలుగు కంపెనీల దగ్గర తీసుకున్న అప్పుకీ గడి ఉండదు.

అమెరికాలో వాన 2016 మేలో పడింది. లెండింగ్‌క్లబ్ ఒక మదుపరికి 2 కోట్ల 20 లక్షల డాలర్ల అప్పుల్ని ఆ మదుపరి పెట్టిన షరతులకు విరుద్ధంగా అమ్మిందనీ, కొన్ని దరఖాస్తుల మీద తేదీలు మార్చారనీ బయటపడింది. వ్యవస్థాపకుడు రెనో లప్లాంష్ రాజీనామా చేశాడు. షేరు ఒక్కరోజులో మూడోవంతుకు పైగా పడింది. మొత్తం వ్యాపారంతో పోలిస్తే ఆ రెండు కోట్లు చిల్లరే. కానీ అంగట్లో ఉన్న సరుకంతా నమ్మకమే అయినప్పుడు చిల్లర కూడా తూకానికి వస్తుంది. చివరికి 2021లో లెండింగ్‌క్లబ్ 18.5 కోట్ల డాలర్లు పెట్టి రేడియస్ బ్యాంకును కొని, తనే బ్యాంకైపోయింది. కొత్త కుర్రాడు ఈపాటికి ఎక్కడ ఉద్యోగం చేస్తున్నాడో!

ఇంతలో అప్‌స్టార్ట్ వచ్చింది. ఇది అప్పుల కంపెనీ అసలే కాదు, కృత్రిమ మేధ కంపెనీ. 2020 డిసెంబరులో 20 డాలర్లకు ఇష్యూ చేస్తే మరుసటి అక్టోబరుకి 390 చేరింది. పట్టికలో దాని ఇరుగుపొరుగంతా సాఫ్ట్‌వేరే. 2022లో వడ్డీరేట్లు పెరిగాయి, అప్పులు కొనేవాళ్లు తగ్గారు, అమ్ముడుపోని అప్పులు కంపెనీ పుస్తకాల్లోనే మిగిలాయి. ఆ సంగతి మేలో తెలియగానే షేరు ఒక్కరోజులో సగానికి పైగా పోయింది. ఏడాది చివరికి 15 డాలర్ల దిగువన ఉంది. రాత్రికి రాత్రి కృత్రిమ మేధ వడ్డీ వ్యాపారిగా మారిపోయింది. యంత్రం అదే, సాఫ్ట్‌వేరూ అదే, మారింది పట్టికలో పక్కింటివాళ్లు.

ఆన్‌డెక్ ఏమైందంటారా? 2020లో కరోనా దెబ్బకి కుదేలైతే ఎనోవా అనే మరో ఆన్‌లైన్ అప్పుల కంపెనీ దాన్ని దాదాపు 9 కోట్ల డాలర్లకు కొనేసింది. అదీ అంతకు ముందురోజు షేరు ధర మీద 90 శాతం ఎక్కువిచ్చి. షేరు మార్కెట్ నుంచి ఆన్‌డెక్ పేరు తొలగించారు. పేరు లేని కంపెనీని పోలికకి వాడకూడదని నియమం కాబట్టి, విశ్లేషకులు తమ పట్టికల్లోంచి ఆ వరుస కొట్టేశారు. అన్నిట్లోకీ అడుగున ఉన్న వరుస పోయింది కదా, మిగతావాటి సగటు కాస్త పెరిగింది.